డబ్బా మీద నా పేరు

మా ఎరువు జల్లే మిషన్ డబ్బా మీద నా పేరు రాసి ఉండేది. ఆకుపచ్చ డబ్బా మీద తెల్లరంగుతో "ప్రిస్కిల్లా, మహిళా రైతు" అని. రాసిన రోజు ఇంటిల్లిపాదీ ముచ్చటపడి చూశారు. ముసురు వానలు తగ్గకముందే ఆ అక్షరాల్లో సగం తుప్పుతో పాటు రాలిపోయాయి. మిగిలిన సగం కోసం నేను చేసిన కొట్లాటే ఈ కథ. అప్పటి కోపం ఇంకా నాలో ఉంది. ఉండనీ, నాకేం బరువు కాదు.

ఆ పేరు నా మీద ప్రేమతో రాయించింది కాదు. ఆడరైతు పేరున తీసుకుంటే రాయితీ ఎక్కువ వస్తుంది. మా ఇంట్లో పంట ఏదైనా అది మా ఆయన పేరు మీదే చలామణి. విజయ్ పాల్ చెరుకు, విజయ్ పాల్ వడ్లు. ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే మాత్రం అందరికీ ప్రిస్కిల్లా గుర్తొస్తుంది.

మాది రుద్రూర్ పక్క ఊరు. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి మా చుట్టుపక్కల చెరుకు తగ్గుతూ వచ్చింది. ఉన్నవాళ్లు కూడా దూరపు ఫ్యాక్టరీ బండ్ల కోసం ఎదురుచూస్తూ పండిస్తున్నారు. మా మామ దేవయ్య ఆ ఏడు తేల్చి చెప్పేశాడు, రెండెకరాల చెరుకు తీసేసి అక్కడ కూడా వరే పెడదామని. నేను అడ్డం పడ్డాను. ఆ మడిలో చెరుకు పండినట్టు ఏదీ పండదని నాకు తెలుసు. పదిహేనేళ్లుగా దానిలో కలుపు తీస్తున్నదాన్ని.

"ఈ ఒక్క ఏడు నా మాట ఇను మామా. చెరుకు నేను సూసుకుంట. మంచిగ రాకుంటె మల్ల నోరు తెరువ," అన్నాను.

"మంచిగొస్తె మోడు ఉంచుదం. రాకుంటె నరికినంక దున్నుడే. అప్పుడు ఏడ్సుకుంట కూసోవద్దు," అన్నాడు మామ. నరికిన చెరుకు మోడు మళ్లీ చిగురిస్తుంది. మళ్లీ విత్తనం పెట్టకుండానే రెండో పంట చేతికొస్తుంది. ఆ మోడు ఉండడం, ఊడడం ఇప్పుడు నా మాట మీద పడింది.

మా ఆయన నవ్వాడు. "అన్న మాట మీద ఉండాలె మరి," అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా ఏప్రిల్ ఎండలో చెరుకు ముక్కలు పెట్టించాను, దగ్గరుండి నీళ్లు కట్టాను.

మిషన్ మాట వచ్చింది అప్పుడే. ఎరువు చల్లడానికి కూలీలు దొరకడం లేదు. రుద్రూర్ పరిశోధన కేంద్రంలో ఆడరైతులకు మిషన్లు చూపిస్తుంటే నేను వెళ్లి చూసొచ్చాను. ట్రాక్టర్ వెనక తగిలించేవి రెండు రకాలు. ఒకదానికి డబ్బా కింద ఒక పల్లెం ఉంటుంది. అది గిరగిరా తిరిగి ఎరువును చుట్టూ విసురుతుంది. విత్తనం పడని ఖాళీ భూమికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. రెండోదానికి డబ్బా కింద రెండు గొట్టాలు. సాళ్ల మధ్య నడుస్తూ అటూ ఇటూ చెరుకు మొదట్లో మాత్రమే రాలుస్తుంది. నిలబడ్డ చెరుకులో యూరియా విసిరితే మొవ్వులో పడుతుంది. కొంచెం తడి తగిలితే చాలు, మొవ్వు మాడిపోతుంది. చేత్తో చల్లినప్పుడే ఆ బాధ పడ్డాను, మిషన్ పెట్టుకుని మళ్లీ పడడం దేనికి? గొట్టాలది తీసుకుందామని ఇంట్లో చెప్పాను. అందరూ విన్నారు. వినడం వరకే.

నిజామాబాద్ షోరూముకు నన్ను తీసుకుపోయింది సంతకానికి, ఫొటోకి. మా మరిది శాంతి కుమార్ ఆ టౌన్లోనే ఉంటాడు. ఏదో ఆఫీసులో పని. అందరూ తెలిసినవాళ్లే అన్నట్టు మాట్లాడతాడు. మేము పోయేసరికే పల్లెం మిషన్ మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"వదినె, గా గొట్టాలది ఆట బొమ్మ లెక్కున్నది. దీన్ని సూడు, ఎంత దూరం ఇసురుతదో!"

"మనకు దూరమెందుకు శాంతీ? చెరుకు మొదట్ల పడాలె గని."

"ఊర్ల ఎవ్వల దగ్గర లేదు గిసొంటిది," అన్నాడు మా ఆయన దాని చుట్టూ తిరుగుతూ. "రోడ్డు మీద పోతుంటె నలుగురు ఆగి సూడాలె."

"మిషన్ చెరుకుకా, రోడ్డుకా?"

శాంతి కుమార్ షాపాయన వైపు తిరిగి కన్నుగీటాడు. "మా వదినె మీటింగులకు పోతది. గందుకే గిన్ని మాటలు."

షాపులో అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అప్పటికే నా చేతిలో పెన్ను పెట్టారు. ఆ పెన్ను విసిరికొట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ మిషన్ అంటూ లేకపోతే రెండెకరాలకు ఎరువెట్లా అని భయపడి సంతకం పెట్టాను. తర్వాత మిషన్ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. "నవ్వమ్మా," అన్నాడు ఫొటో తీసేవాడు. నేను నవ్వలేదు.

ఇక యూరియా. ఆ వానాకాలం యూరియాకు ఎంత కరువొచ్చిందో ఇటువైపు వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. సొసైటీ ముందర తెల్లారకముందే చెప్పులు లైన్లో పెట్టి, చెట్టు కింద కూర్చుని, లారీ వచ్చిందంటే ఉరికి మన చెప్పుల్లో మనం నిలబడాలి. మా ఇంట్లో ఆ పని నాదే. మగవాళ్లకు లైన్లో నిలబడితే నామోషీ. ఒకరోజు లారీ రాలేదు. ఒకరోజు నా దాకా వచ్చేసరికి అయిపోయింది. ఎండకు కళ్లు తిరిగి ఒకసారి పక్కనున్నామె భుజం మీద పడ్డాను. అట్లా దేవులాడి దేవులాడి మూడు బస్తాలు ఇంటికి చేర్చాను. చెరుకు అప్పటికి మోకాలు దాటింది. దానికి ఎరువు వేయడానికి ఇదే అసలైన అదను. ఇంకొన్నాళ్లు పోతే సాళ్లు మూసుకుపోతాయి, ట్రాక్టర్ లోపలికి పోదు.

మేము మెథడిస్టులం. కొత్తది ఏది కొన్నా, కుట్టుమిషనైనా మోటార్ సైకిలైనా, మందిరం ముందర నిలబెట్టి అయ్యగారితో ప్రార్థన చేయిస్తాం. ఆ ఆదివారం ట్రాక్టర్‌కు మిషన్ తగిలించి, దానికో బంతిపూల దండ వేసి తీసుకుపోతున్నారు. గడప దగ్గర మా అత్తమ్మ లక్ష్మవ్వ ఆపింది.

"ఖాళీ డబ్బా దేవుని ముందర పెడ్తరా? కొత్త కుండైతె నీళ్లు పోస్తం, కొత్త గంపైతె గింజలు పోస్తం. ఖాళీగ తీస్కపోతె ఏడాదంత ఖాళీగనే ఉంటది."

"అత్తమ్మా, యూరియాకు గాలి తగిలితెనే నీరు కారుతది. మబ్బు పట్టింది సూడు. గుప్పెడు బియ్యం పోద్దాం, సరిపోతది."

"బియ్యం జల్లే మిషనా ఇది?" అన్నాడు మా ఆయన. బస్తా భుజానికెత్తుకుని కత్తితో మూతి కోశాడు. ఒకటి పోశాడు. డబ్బా నిండినట్టు కనపడలేదని రెండోది కూడా పోశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకున్నాడు. మూడోది మాత్రం దక్కించుకున్నాను. వాళ్లు అటు తిరగ్గానే దాన్ని బియ్యం డ్రమ్ము వెనక్కి లాగి, మీద గోనెసంచులు కప్పేశాను.

ఆరాధన అయ్యాక అందరూ మిషన్ చుట్టూ చేరారు. అయ్యగారు మూత తీయించి, యూరియా మీద చెయ్యి చాపి పొడుగ్గా ప్రార్థన చేశారు. ఆయన కళ్లు మూసుకున్నంతసేపూ నేను మబ్బునే చూస్తున్నాను. ఆమెన్ అనగానే ముందుకు పోయి అడిగాను. "అయ్యగారూ, మూత పెట్టి ఇంటికి పంపియ్యిండ్రి. వాన వస్తది."

"కంగారు పడకమ్మా. దేవుని సన్నిధిల ఉన్నది, ఒక్క గంటకు ఏం గాదు," అన్నారాయన.

భోజనాలు మా ఇంట్లో. మగవాళ్లంతా మిషన్ గురించి మాట్లాడుకుంటూ నడిచొచ్చేశారు. ట్రాక్టర్ మందిరం ముందే ఉంది. మొదటి పంక్తికి కూర వడ్డిస్తుండగా వాన దిగింది. చేతిలో గరిటె అక్కడే పడేసి, వడ్లు కప్పే తాడిపత్రి పట్టుకుని ఉరికాను. ప్రార్థనకని తీసిన మూత ఎవరూ పెట్టలేదు. డబ్బాలో నా యూరియా జావలా ఉంది. బంతిపూలు దానిలో తేలుతున్నాయి. ఆ వానలో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. ఏడుపు కాదది, కోపం కళ్లలోంచి కారింది. తడిసిపోయి ఇంటికొస్తే మా ఆయన విస్తరి ముందు కూర్చునే అడిగాడు. "ఏమాయె? మూత పెట్టినవా?"

మర్నాటికి అది గడ్డ కట్టింది. ఆయన గడ్డపార తెచ్చి డబ్బాలో పొడిచాడు. లోపల ఎరువును కలిపే కడ్డీ ఒకటి ఉంటుంది. అది కదలకపోతే మందు కిందికి దిగదు. గడ్డపార దానికి తగిలి కణేల్‌మంది.

"కడ్డీ వంగింది," అన్నాను.

"ఏం గాలే."

"కింది తలుపు గూడ సగమే తెరుసుకుంటున్నది. ముందు అంత తీసి కడుగు. ఎండనియ్యి. ఆకులు గూడ తడిగున్నయి."

"యూరియా ఇంక ఉంటె నీళ్లయి పోతది. ఇయ్యాల్నే జల్లాలె. నువ్వు పక్కకు జరుగు."

ట్రాక్టర్ ముందర అడ్డంగా నిలబడ్డాను. ఆయన హారన్ కొట్టాడు. పెళ్లానికి హారన్ కొట్టే మొగుడిని మీరు ఎక్కడైనా చూశారా? నేను చూశాను. మామ గట్టు మీద నుంచి "జరుగు బిడ్డా, వానికి తెల్వదా" అన్నాడు. జరిగాను. పల్లెం తిరిగింది. వంగిన కడ్డీ ఒక పక్కే తోసింది. సగం తెరిచిన తలుపు నుంచి ఒకసారి గడ్డలు, ఒకసారి పిండి. కుడివైపు సాళ్ల మీద వడగండ్లు పడ్డట్టు పడింది, ఎడమవైపు సాళ్లకు ఏమీ అందలేదు. తడిసిన మొవ్వుల్లో తెల్లగా ఇరుక్కుంది. పని కాగానే ఆయన ట్రాక్టర్ తెచ్చి రేకుల కింద పెట్టి చాయ్ తాగడానికి పోయాడు. కడగడమన్న మాటే లేదు.

వారం తిరక్కుండానే మా చేను రోడ్డు మీదికి కనపడింది. ఒక పట్టీ మాడిపోయి ఎర్రగా, ఒక పట్టీ ఆకలికి పసుపుపచ్చగా, మళ్లీ ఒక పట్టీ ఎరుపు. పక్క చేను ముత్తన్న సైకిల్ ఆపి మరీ అడిగాడు. "ఏం విజయ్ పాల్, చెరుకుకు గళ్ల లుంగీ కట్టిచ్చినవా ఏందిరా?"

రోడ్డు మీద నలుగురు ఆగి చూడాలన్నాడు కదా. ఆగి చూశారు.

మరుసటి ఆదివారం శాంతి కుమార్ వచ్చాడు. చేను చూసి, చేతులు కడుక్కుని, మాంసం కూర ముందు కూర్చుని అన్నాడు. "నేనప్పుడే అనుకున్న అన్నా. ఆడోళ్ల పేరు మీద ఇనుప సామాను తెస్తె కలిసి రాదు."

నేను మా ఆయన ముఖం చూశాను. లైన్లో నిలబడింది ఎవరో ఆయనకు తెలుసు. వద్దన్నది ఎవరో తెలుసు. గడ్డపార ఎవరి చేతిలో ఉందో తెలుసు. ఆయన ముక్క నములుతూ కూర్చున్నాడు. నన్ను కాల్చింది మరిది మాట కాదు, ఆ నమలడం.

"రాయితీ వచ్చినప్పుడు కలిసొచ్చిన పేరు, యూరియా గడ్డ కట్టినప్పుడు కలిసి రాలేదా?" అన్నాను. "బాజాప్త చెప్పిన, ఈ మిషన్ వద్దని. పొయ్యొద్దని చెప్పిన. తడి మీద జల్లొద్దని చెప్పిన. మీ ముగ్గురి చెవులేమన్న గడ్డ కట్టినయా?"

"మగోళ్లు తింటుంటె గట్ల ఒర్రుతవేందే!" అన్నాడు మా ఆయన, చివరికి నోరు తెరిచి.

మామ చెయ్యెత్తి ఆపాడు. "అయిందేదో అయింది. అన్న మాట ప్రకారం, నరికినంక దున్నుడే."

అంతే. ఒక్క ముక్కలో నా చెరుకు అయిపోయింది. గిన్నెలు తోమడానికి కూర్చున్నాను. నేను పెట్టిన చెరుకును వాళ్లు పాడుచేసి, పాడైందని నా నోరు మూయిస్తున్నారు.

మర్నాడు పొద్దున మా ఆయన తమ్ముడితో కలిసి నిజామాబాద్ పోయాడు. ట్రాక్టర్ తాళం మేకుకు వేలాడుతోంది. కూలీలు దొరకనప్పుడు చేలో నడపడానికి నేను పనికొస్తాను, రోడ్డెక్కడానికి మాత్రం పనికిరాను. ఆ రోజు రోడ్డెక్కాను. వెనక మిషన్ దడదడలాడుతుంటే బోధన్ దాకా నడిపాను. బస్సుల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. చూడనీ అనుకున్నాను.

అయ్యూబ్ భాయ్ వెల్డింగ్ షాపు వాళ్ల ఇంటి ముందరి గదే. మా నాగళ్లు, గేట్లు అన్నీ ఆయన చేసినవే. మిషన్ చుట్టూ తిరిగి నాలుక చప్పరించాడు.

"ఏందక్కా ఇది? మొన్ననే కొన్నరు, అప్పుడే గిట్ల తుప్పు పట్టింది?"

"కడగకుంటె పట్టదా? యూరియా ఉప్పు కన్న పాడుది. భాయ్, గా పల్లెం కోసెయ్యి. దాని జాగల రెండు గొట్టాలు పెట్టు, సాలుకొక పక్క రాలేటట్టు. కడ్డీ సాపు చెయ్యి."

"కొత్త మిషన్ కోసుడా? ఇట్ల నేనెప్పుడు చెయ్యలే అక్కా. అయితదో కాదో."

"ఎట్ల పెట్టాల్నో రుద్రూర్‌ల సూసిన, నేను చెప్త. నువ్వు చేసుడే ఉన్నది."

సరేనన్నాడు. గ్యాస్ కట్టర్ తీశాడు. మళ్లీ కింద పెట్టాడు. "అన్నకు ఒక్క ఫోన్ చేస్త అక్కా. రేపు నా మీదికి రావద్దు."

ఫోన్ చేశాడు. స్పీకర్‌లో మా ఆయన గొంతు వీధిలోకి వినపడింది. "ముట్టకు భాయ్! ఆమెకు మతి లేదు. నేనొస్తున్న, వచ్చేదాక ముట్టకు."

అయ్యూబ్ భాయ్ కట్టర్‌ను గోడకు ఆనించాడు. నావైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. పక్కనే ఉన్న సుత్తె అందుకుని, తుప్పుపట్టిన పల్లెం బోల్టు మీద ఒక్కటేశాను. కదల్లేదు. ఇంకొకటేశాను. చెయ్యి జారి వేలు చిట్లింది.

లోపలి నుంచి ఆయన భార్య రబియా తడిగుడ్డ తెచ్చి నా వేలికి చుట్టింది. తర్వాత మొగుడితో వాళ్ల మాటలో అడిగింది, మిషన్ మీద ఎవరి పేరుందో చదువు అని.

అయ్యూబ్ భాయ్ వంగి, బొటనవేలితో తుప్పు తుడిచి చూశాడు. "ప్రిస్కి," అన్నాడు. "ఇగ మిగతాది పోయింది."

"సగం పేరైనా ఆమెదే గదా," అని రబియా లోపలికి పోయింది.

ఆయన నల్ల కళ్లద్దాలు దించుకుని కట్టర్ వెలిగించాడు.

మా ఆయన వచ్చేసరికి పల్లెం నేల మీద ఉంది. గొట్టాలకు ఆఖరి అతుకు పడుతోంది. ముఖం కందిపోయి అరిచాడు. "బజార్ల నా ఇజ్జత్ తీసినవ్! రోడ్డు మీద ట్రాక్టర్ నడుపుకుంట వచ్చినవ్!"

"నీ ఇజ్జత్ రోడ్డు మీద పోలే. చేన్ల పోయింది, పోయి సూసుకో," అన్నాను. ఇంటికి ఆయనే నడిపాడు. నేను బస్సులో వచ్చాను. ఆ రోజు నుంచి తాళం మేకు మీద లేదు, ఆయన చొక్కా జేబులోకి చేరింది.

డ్రమ్ము వెనక దాచిన బస్తా తీసి వాకిట్లో పెట్టాను. ఒక్కటే బస్తా. చెరుకు మొదట్లోనే రాలుతుంది కాబట్టి సరిపెట్టవచ్చు, గాలిలో పోయేది లేదు. మామ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇది యాడిది?" అన్నాడు.

"మీరు పొయ్యంగ మిగిలింది."

మామ కొడుకును కేకేసి, "కోసింది ఎట్లైనా కోసింది. సాళ్లు మూసుకుంటున్నయి. పోయి నడుపు," అన్నాడు.

చేలోకి దిగేముందు రెండు గొట్టాల మూతులకు రెండు సంచులు కట్టాను. ఒక సాలు పొడుగునా నడిపించి, సంచులు విప్పి రెండు చేతుల్లో ఎత్తి చూశాను. కుడిది బరువుగా ఉంది. ఆ గొట్టం పైన రేకుముక్క అడ్డం పెట్టి మళ్లీ కట్టాను. మళ్లీ నడిపించాను. రెండు చేతులూ ఒక్క తీరుగా తూగాక, అప్పుడు పోనిమ్మన్నాను. ఆయన నడుపుతుంటే నేను వెనక నడిచాను, గొట్టాలు రాలుస్తున్నాయో లేదో కంట కనిపెడుతూ.

ఆ సాయంత్రమే మోటారు దగ్గర మిషన్ కడిగాను. గొట్టాల్లోకి నీళ్లు వదిలాను, డబ్బా లోపల చేత్తో రుద్దాను, ఎండిన గుడ్డతో తుడిచి పాత ఇంజన్ ఆయిల్ పూశాను. నీళ్లు నిలవకుండా పక్కకు ఒరిగించి పెట్టాను. అత్తమ్మ వచ్చి చూసింది.

"ఖాళీగ పెట్టినవా?"

"ఖాళీగుంటెనే ఇది బతుకుతది అత్తమ్మా. నిండ పోసి సూసినం గద."

ఒక మాట అంటుందని కాచుకున్నాను. అంటే నేను వంద అనడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె నా చేతిలో గుడ్డ తీసుకుని, "ఎనకపక్క ఇడిసిపెట్టినవ్," అని వంగి తుడిచింది.

చెరుకు తేరుకుంది. మాడిన పట్టీ కొంచెం పొట్టిగానే ఉండిపోయింది కానీ, పసుపు పట్టీలు నల్లటి ఆకుపచ్చకు తిరిగాయి. దసరా నాటికి చేలో మనిషి నిలబడితే కనపడనంత ఎదిగింది. లుంగీ మాటన్న ముత్తన్నే వచ్చి మిషన్ ఎట్లా కోయించారని అడిగాడు. మా ఆయన అరుగు మీద కూర్చుని వివరించాడు. మొదట్లో "కోయిచ్చినం" అనేవాడు. కొన్నాళ్లకు "కోయిచ్చిన" అన్నాడు. నేను లోపల రొట్టెలు కొడుతూ విన్నాను. పిండి ముద్దకు పడ్డ దెబ్బలు పిండికే తెలుసు.

నవంబరులో మా మందిరంలో కోత పండుగ. ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, పసుపు, గుమ్మడికాయలు, కోళ్లు. మేము పది గడల చెరుకు నరికి ట్రాలీలో తెచ్చాం. కానుకలయ్యాక సాక్ష్యాలు. దేవుడు ఆ ఏడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి చెప్పాలి. మా ఆయన లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బైబిల్.

"ఈ యేడు మా చెరుకు మాడిపోయి, ఊరంత నవ్విండ్రు. నేను మోకాళ్ల మీద ప్రార్థన చేసిన. దేవుడు నాకు ఒక ఆలోచన ఇచ్చిండు. మిషన్ కోసి గొట్టాలు పెట్టు అన్నడు. నేను అట్లనే కోయిచ్చిన. గియ్యాల గా చెరుకు సూడుండ్రి."

"హల్లెలూయా!" అన్నారు మగవాళ్ల వైపు నుంచి. అయ్యగారు చేతులెత్తారు. "ఆమెన్" అని మందిరమంతా మోగింది.

ఇంట్లో అబద్ధమాడితే రొట్టె మీద తీర్చుకున్నాను. ఇక్కడ దేవుణ్ని కూడా సాక్షిగా తెచ్చాడు. ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, నేను గూడ సాక్ష్యం చెప్త."

ఆయన చిరునవ్వుతో తలూపారు. భర్త మాటకు భార్య తోడు పలుకుతుందనుకున్నారేమో.

"చెరుకు బతికింది, దేవునికి స్తోత్రం. మిషన్ కోయిచ్చింది నేను. బోధన్‌ల, అయ్యూబ్ భాయ్ దగ్గర. గాదినం మా ఆయన నిజామాబాద్‌ల ఉన్నడు. ముట్టకు అని ఫోన్ల చెప్పిండు, ఆమెకు మతి లేదన్నడు. యూరియా నానింది గీ మందిరం ముందరనే. లైన్ల నిలబడి తెచ్చిన యూరియా అది. పొయ్యొద్దన్న, మూత పెట్టుమన్న. మా ఇంట్ల ఎవ్వలు ఇనలే. మీరు గూడ ఇనలే అయ్యగారూ. దేవుని ముందర సాక్ష్యం నిజం చెప్పాలె గదా, చెప్పిన."

చెప్పి కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. సాక్ష్యం చెప్పినవాళ్లకు ఆమెన్ అనాలి, అది పద్ధతి. నాకు ఎవరూ అనలేదు. అయ్యగారు బైబిల్లో ఏదో వెతుక్కుంటున్నారు. మా ఆయన నేలకేసి చూస్తున్నాడు. ఎంతసేపైనా నిలబడదామనే అనుకున్నాను. యూరియా లైను కన్నా ఎక్కువసేపేం కాదు కదా.

"ఆమెన్," అంది నా పక్కన కూర్చున్న అత్తమ్మ. గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే. "పొయ్యుమన్నది నేనే," అని కలిపింది.

ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆమెన్ అన్నారు. అప్పుడు కూర్చున్నాను.

బయట ట్రాక్టర్ దగ్గర మేమంతా ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాం. మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అందరూ వింటుండగా నన్నే అడిగాడు.

"ప్రిస్కిల్లా, చెరుకు నరికినంక ఏం చేద్దమంటవ్? దున్నాల్నా, మోడు ఉంచాల్నా?"

ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో చేను గురించి ఆయన నన్ను అడగడం అదే మొదలు. సంతోషం రాలేదు. ఇంత చిన్న మాట అడిగించుకోవడానికి ఒక చేను మాడాల్సి వచ్చిందా అని ఇంకా కోపమొచ్చింది.

"ఉంచాలె," అన్నాను. "మందు నేనే జల్లుత. తాళం నాకియ్యిండ్రి."

మామ కొడుకు వైపు చూశాడు. మా ఆయన జేబులోంచి తాళం తీశాడు. నేను చెయ్యి చాపాను. ఆయన దాన్ని నా చేతిలో పెట్టలేదు, ట్రాక్టర్ బానెట్ మీద పెట్టి పక్కకు జరిగాడు.

నేనే తీసుకున్నాను. సీటెక్కి ఇంజను స్టార్ట్ చేసి, వాళ్లు ట్రాలీ ఎక్కేదాకా ఆగాను. మామ ఎక్కాడు, అత్తమ్మను పైకి లాగాడు. మా ఆయన అందరికన్నా ఆఖరున ఎక్కాడు.